ప్రమాదం తర్వాత భయం ఎందుకు వదలదు? ఎలా పోతుంది?

కారు ప్రమాదంలో తగిలిన గాయం మానినా, హారన్ మోగితే చాలు కొందరికి గుండె దడదడలాడుతుంది. ఎందుకు? మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా అపాయాన్ని పసిగడుతుంది. ప్రమాద సమయంలోని చప్పుడు, వెలుగు, పెట్రోలు వాసన అన్నిటినీ అపాయానికి గుర్తులుగా దాచుకుంటుంది. వాటిలో ఏది ఎదురైనా ఒంటిని అప్రమత్తం చేస్తుంది. ఇది పిరికితనం కాదు. చాలామందిలో కొన్ని వారాల్లో సద్దుమణుగుతుంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే అది భయానక ఘటనల తర్వాత వచ్చే మానసిక రుగ్మత పీటీఎస్‌డీ కావచ్చు. వైద్యులకు చూపించాలి.

కారు ఎక్కడం మానేస్తే సరిపోదా? తప్పించుకున్న ప్రతిసారీ ఊరటగానే ఉంటుంది గానీ, ‘ఎక్కినా ఏమీ కాలేదు’ అని మెదడు నేర్చుకునే అవకాశం పోతుంది. అందుకే చికిత్స మెట్టుమెట్టుగా సాగుతుంది: ముందు ఆగివున్న కారులో కూర్చోవడం, తర్వాత వీధి చివరిదాకా వెళ్లడం, ఆపైనే పెద్ద రోడ్డు. మరి ప్రమాదమైన వెంటనే బాధితులతో జరిగిందంతా చెప్పించేస్తే? బ్రిటన్‌లో రోడ్డు ప్రమాద బాధితులపై జరిగిన పరిశోధనలో అలా ఒక్కసారి చెప్పించడం వల్ల మేలు కనిపించలేదు. కాబట్టి బలవంతపెట్టకూడదు, వాళ్లే చెబితే ఓపిగ్గా వినాలి. మన దేశంలో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకున్నట్టే, బెదిరిన మనసుకూ వైద్యం అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.