గుండె తలుపుకి చిన్న క్లిప్పు

పిల్లలూ! కవాటం అంటే తలుపు. మన గుండెలో ఇలాంటి తలుపులు నాలుగున్నాయి. రక్తాన్ని ముందుకు పోనిచ్చి, వెనక్కి రాకుండా మూసుకోవడం వాటి పని. రోజుకి దాదాపు లక్షసార్లు ఈ పని చేస్తాయి!

వీటిలో ఎడమ కర్ణికకీ, ఎడమ జఠరికకీ మధ్యనున్నది మైట్రల్ కవాటం. మన ఊళ్ళలో పాత ఇళ్ళ వీధి తలుపులాగా దీనికి రెండు రెక్కలు. వయసుతో రెక్కలు సాగినా, వాటిని పట్టి ఉంచే దారాల్లాంటి తంతువులు తెగినా, గుండె పెద్దదై రెక్కలు ఎడమైనా తలుపు సరిగ్గా మూతపడదు. అప్పుడు కొంత రక్తం వెనక్కి ఎగదన్నుతుంది. దాంతో ఆయాసం, నీరసం, కాళ్ళవాపు వస్తాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు.

రొమ్ము ఎముక కోసి, గుండెను కాసేపు ఆపి కవాటాన్ని బాగుచెయ్యడం పాత పద్ధతి. బాగా పెద్దవయసువారికీ, ఊపిరితిత్తులో మూత్రపిండాలో దెబ్బతిన్నవారికీ అంత పెద్ద ఆపరేషన్ ప్రమాదం కావచ్చు.

1991లో అల్ఫియేరి అనే ఇటలీ సర్జన్ రెండు రెక్కల అంచులనీ మధ్యలో కలిపి కుట్టారు. కుట్టుకి ఇరుపక్కల నుంచీ రక్తం కిందికి పోతుంది, వెనక్కి కారడం తగ్గుతుంది. ఆ కుట్టుకి బదులుగా వచ్చిందే మైట్రాక్లిప్. 2003లో మొదటిసారి మనిషికి అమర్చారు. తొడ మొదట్లోని సిర గుండా గొట్టాన్ని గుండెలోకి పంపి, కర్ణికల మధ్యగోడకి చిన్న రంధ్రం చేసి ఎడమవైపు చేరతారు. అన్నవాహికలో ఉంచిన అల్ట్రాసౌండ్ పరికరం చూపే బొమ్మల సాయంతో, కొట్టుకుంటున్న గుండెలోనే రెక్కలను పట్టి క్లిప్పు బిగిస్తారు. పట్టు కుదరకపోతే విడిచి మళ్ళీ పట్టుకోవచ్చు.

అమెరికాలో దీనికి 2013లో అనుమతి వచ్చింది. గుండె బలహీనపడి కవాటం కారుతున్న 614 మందిపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. రెండేళ్ళలో మందులు మాత్రమే వాడినవారిలో 46 శాతం, క్లిప్పు కూడా పెట్టించుకున్నవారిలో 29 శాతం మరణించారు. అదే ఏడాది వచ్చిన ఫ్రాన్సు అధ్యయనంలో మాత్రం అలాంటి మేలు కనబడలేదు. కనుక ఇది అందరికీ కాదు. ఎవరికి తగునో నిపుణులు పరీక్షలు చేసి తేల్చాలి.

మన పెద్దవాళ్ళు "వయసైపోయింది, అంతేలే" అని ఆయాసాన్ని దాచేస్తారు. "తాతయ్యా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటున్నారు?" అని మీరు తెలుగులో అడిగితే నిజం చెబుతారు. వెంటనే అమ్మానాన్నలకి చెప్పండి. స్టెతస్కోపు, ఎకో పరీక్షలతో కవాటం సంగతి తెలుస్తుంది. పెద్ద ఆపరేషన్ కుదరదన్నంత మాత్రాన దారులన్నీ మూసుకున్నట్టు కాదు.