అరకులో కిటికీ బ్లైండ్స్‌కి మోటార్: కరెంటా, బ్యాటరీయా, సోలారా?

ఈరోజు అరకు నుంచే మాట్లాడుతున్నాను.

మా పెదనాన్న ఇక్కడ చిన్న హోమ్‌స్టే నడుపుతారు. గదుల కిటికీలకి రిమోట్ బ్లైండ్స్ పెట్టిద్దామన్న ఐడియా నాదే. ప్లగ్‌లో పెట్టే రకం కొన్నాను. మొదటి వానాకాలంలోనే ఒక రాత్రి బ్లైండ్ సగం దిగగానే కరెంటు పోయింది. తెల్లారేదాకా రాలేదు. రోడ్డు వైపు గది, లోపల ఫ్యామిలీ. పాపం, కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్నారు. పొద్దున్నే పెదనాన్న, "ఒరేయ్, తాడు లాగే పరదాకి ఈ గొడవ లేదు కదరా" అన్నారు. బీటెక్ చదివిన నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశా. 12 వోల్టులు, 2 ఆంపియర్లు తీసుకునే మోటార్ అనుకోండి, అంటే 24 వాట్లు. ఎత్తడం, దించడం కలిపి రోజుకి 1 నిమిషం. ఖర్చు 0.4 వాట్-అవర్ మాత్రమే. మీ జేబులో ఉండే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో దాదాపు 37 వాట్-అవర్లు ఉంటాయి. అంటే మోటార్ తినేది చాలా తక్కువ.

మరి బ్యాటరీ ఎందుకు అయిపోతుంది? రోజులో మిగతా 1,439 నిమిషాలు అది సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి. ఆ ఎదురుచూపుకి వైఫై ఎక్కువ తింటుంది. జిగ్బీ, మామూలు ఆర్‌ఎఫ్ రిమోట్ తక్కువ తింటాయి. బ్యాటరీ రకం కొంటే ఇది చూసుకోండి.

ఇక సోలార్. ప్యానెల్ అద్దం వెనక ఉంటుంది, కాబట్టి ఎండ అద్దం దాటి రావాలి. ఇక్కడ చలికాలం పొద్దున్నే పొగమంచు, వానాకాలమంతా మబ్బు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు, కాబట్టి దక్షిణం కిటికీకైతే ఓకే. ఉత్తరం కిటికీకి వద్దు.

చలి సంగతి కూడా చెప్తా. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. లంబసింగి లాంటి చోట ఉంటే పగలు, గది లోపలే ఛార్జ్ పెట్టండి.

కొత్త ఇల్లు కడుతున్నారా? అయితే వైరింగే బెస్ట్. గోడలు పూయకముందే కిటికీ పైన పాయింట్ పెట్టించి, ఆ లైన్ ఇన్వర్టర్‌కి కలపండి. కట్టేసిన ఇంటికైతే టైప్-సీ ఛార్జింగ్ బ్యాటరీ రకం. మేం చివరికి అదే పెట్టాం. గది ఖాళీ అయినప్పుడల్లా ఛార్జ్ పెడుతున్నాం.

షాపులో ముందు అడగాల్సింది ధర కాదు ఫ్రెండ్స్. "కరెంటు లేనప్పుడు ఇది ఎలా దిగుతుంది?" అని అడగండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.