ఓడి గెలిచిన యానా నొవొత్నా



నేటి సాయంకాలము నేను ముచ్చటింపబూనిన విషయము విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. బాలురకు వ్యాకరణమును కావ్యములును చెప్పి తల నెరసిన వృద్ధునకు బంతియాటతో పనియేమి, అందునను ఎక్కడనో చెక్ దేశమున బుట్టిన స్త్రీ యాడిన యాటతో పనియేమి యని యడుగుట సహజమే. నా సమాధాన మొక్కటియే. గెలిచినవారి కథలు లోకమున కొల్లలుగా నున్నవి. పదిమంది కన్నులయెదుట ఓడి, యేడ్చి, మరల అదే స్థలమునకు వచ్చి గెలిచినవారి కథలు తక్కువ. యానా నొవొత్నా కథ యట్టిది. పిల్లలను పెంచువారును, బుద్ధి చెప్పువారును నగు మనబోటి పెద్దలు వినదగినది.

చెక్ దేశము ఐరోపా ఖండమునకు నడుమ నున్నది. దానికి సముద్రతీరము లేదు. 1918 లో నేర్పడిన చెకొస్లొవాకియా యను రాజ్యమున నది యొక భాగముగా నుండి, 1993 జనవరి 1 నాటినుండి ప్రత్యేక దేశమయ్యెను. రాజధాని ప్రాగ్. దాని తరువాత పెద్ద నగరము బ్రనో. 1968 అక్టోబరు 2 న యానా అచటనే జన్మించెను. దేశము చిన్నదైనను టెన్నిసు విద్యలో దొడ్డది. మార్టినా నవ్రతిలోవా, ఇవాన్ లెండిల్, హానా మాండ్లికోవా మున్నగు మేటి క్రీడాకారు లచట పుట్టినవారే. మాండ్లికోవా పేరు జ్ఞాపకముంచుకొనుడు. ఆమె మరల మన కథలోనికి వచ్చును.

ఆట నెరుగనివారికొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. టెన్నిసు ఆడు స్థలమును కోర్టందురు. వ్యాజ్యములు నడుచు కోర్టునకును దీనికిని సంబంధము లేదు. దాని పొడవు 78 అడుగులు. ఒక్కొక్కరుగా ఆడునపుడు వెడల్పు 27 అడుగులు, జంటలుగా ఆడునపుడు 36 అడుగులు. నడుమ మూడడుగుల యెత్తున వల కట్టుదురు. ఇరువైపులవారును రాకెట్టుతో బంతిని వలపైగా కొట్టుకొందురు. బంతి వలకు తగిలి తనవైపే పడినను, అవతలి గీటు దాటి పడినను, తనవైపున రెండుమారులు నేల తాకినను ఎదుటివారికి పాయింటు. లెక్క మాత్రము కొంత విచిత్రము. మొదటి పాయింటునకు 15, రెండవదానికి 30, మూడవదానికి 40 అందురు. నాలుగవది కూడ గెలిచిన గేము ముగియును. ఇరువురును 40 వద్ద సమానులైనచో రెండు పాయింట్ల ఆధిక్యము వలయును. ఆరు గేములు ముందుగా గెలిచినవారిది సెట్టు; అందును రెండు గేముల ఆధిక్యముండవలెను. స్త్రీల పోటీలో మూడు సెట్లకు రెండు గెలిచినవారికి జయము. ప్రతి పాయింటును ఒకరు బంతిని వేయుటతో ఆరంభమగును, దానినే సర్వీసందురు. సర్వీసునకు రెండవకాశము లిత్తురు. రెండును తప్పినచో పాయింటు పోవును.

ఈ యాటలో గడియారమునకు పనిలేదు. కాలము నిర్ణయింపబడిన యాటలలో ముందున్నవాడు ఎట్లో కాలము గడిపి గెలువవచ్చును. టెన్నిసులో నట్లు కుదరదు. ఎంత ముందున్నను చివరి పాయింటును తానే గెలిచి తీరవలెను. కళ్లమున రాశి కనబడినంతమాత్రమున పంట యిల్లు చేరినట్లు కాదుగదా! యానా జీవితమునందలి కష్టమంతయు ఇచటనే యున్నది.

ఆమె మొదట జంటల యాటలో పేరుగాంచెను. 1988 లో సియోల్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో హెలెనా సుకోవాతో కలిసి రజతపతకము గెలిచెను. టెన్నిసునందు ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశములలో ఏటేట జరుగు పోటీలు నాలుగును మహాపోటీలు. 1990 లో వీనిలో మొదటి మూడింటిని సుకోవాయును ఆమెయు వరుసగా గెలిచిరి. ఆటనుండి విరమించునాటికి స్త్రీల జంటలలో 12, స్త్రీపురుషుల జంటలలో 4 మహాపోటీ విజయము లామెకు లభించెను. కాని ఒంటరిగా నాడి గెలిచిన మహాపోటీ చాలకాలమువరకు ఒక్కటియు లేదు. 1990 లో హానా మాండ్లికోవా ఆమెకు గురువయ్యెను. 1991 లో ఆస్ట్రేలియా పోటీ తుది యాటవరకు వచ్చి, మొదటి సెట్టు గెలిచియు, మోనికా సెలెస్ చేతిలో యానా ఓడెను.

ఇంగ్లండులోని మహాపోటీ లండను నగరమునందలి వింబుల్డన్ లో జరుగును. 1877 లో ఆరంభమైన పోటీ యది; స్త్రీలకు 1884 నుండి ప్రవేశము కలిగెను. అచట పచ్చికపై, తెల్లని దుస్తులు ధరించి యాడుదురు. పచ్చికపై బంతి యెక్కువగా లేవక జారిపోవును. సర్వీసు చేసి, వెంటనే వలచెంతకు దూకి, బంతి నేల తాకకమునుపే కొట్టుట యానా పద్ధతి. కావున నా పచ్చిక యామెకు మిక్కిలి యనుకూలము.

1993 జూలై 3 న ఆమె అచట తుది యాటలో జర్మనీ దేశపు స్టెఫీ గ్రాఫ్ నెదుర్కొనెను. గ్రాఫ్ నాటికే నాలుగుమారు లచట గెలిచిన మేటి. మొదటి సెట్టు గ్రాఫునకు, రెండవది యానాకు దక్కెను. మూడవ సెట్టులో యానా నాలుగు గేములు గెలువగా గ్రాఫ్ ఒక్కటియే గెలిచెను. సర్వీసు యానాది. లెక్క 40-30. ఇంకొక్క పాయింటు వచ్చినచో అయిదు గేము లగును. ఆ పిమ్మట నొక్క గేము చాలును. అప్పు డామె సర్వీసు చేసెను; తప్పెను. రెండవమారు చేసెను, అదియు తప్పెను. అది మొదలు ఆమె చేయి స్వాధీనము తప్పెను. తేలికయైన బంతులు గీటు దాటెను, వలకు తగిలెను. గ్రాఫ్ వరుసగా అయిదు గేములు గెలిచి ఆటను ముగించెను.

బహుమతు లిచ్చుటకు రాజకుటుంబమునకు చెందిన కెంట్ ప్రభుపత్ని కోర్టులోనికి వచ్చెను. ఓడినవారికి గూడ చిన్న పళ్లెమొకటి యిత్తురు. అది పుచ్చుకొనబోయి యానా దుఃఖ మాపుకొనలేక ఆ వృద్ధస్త్రీ భుజముపై తల వాల్చి యేడ్చెను. ఆమెయు రాచమర్యాదల నటుంచి, తల్లివలె దగ్గరకు తీసికొని యోదార్చి, నీవును ఒకనాడు గెలుతువని ధైర్యము చెప్పెను. వేలకొలది జనులు చూచుచుండిరి. మరునాటి పత్రికలలో గెలిచిన గ్రాఫు బొమ్మకంటె ఈ బొమ్మయే లోకమునకు జ్ఞాపకముండిపోయెను.

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలెను. నేను ఉద్యోగములో నుండగా మా పాఠశాల వార్షికోత్సవమునాడు పద్యములు చదువుట కొక బాలుని నిలిపితిని. ఇరువది పద్యములును వానికి నిద్రలో లేపి యడిగినను వచ్చును. వాడు పదునేడు పద్యములు చక్కగా చదివి, అందరును మెచ్చుకొనుచుండగా, పదునెనిమిదవదానిలో మూడవ పాదమున నాగిపోయెను. నా పరువు పోయెనని, గ్రామపెద్దలందరియెదుటను వానిని మందలించితిని. ఆ బాలుడు మరల సభలో నోరు విప్పలేదు. వానికి పద్యము రాకపోలేదు. గమ్యము దగ్గరపడినపుడు మనస్సు జంకి, నోరు తనంతట చేయుచున్న పనిలో చొరబడి ‘ఇది సరియేనా’ యని పరీక్షింప మొదలిడును. అంతట నోరు తడబడును. అవధానములు చేయువారిని అడుగుడు. వారికిని ఇది తెలియును. యానా చేతికి నాడు కలిగిన దిదియే. ఆమెకు ఒక భుజము దొరికెను. నా శిష్యునకు నేను భుజము నీయలేకపోతిని.

పత్రికలవా రామెను విడువలేదు. చేతికందిన గెలుపును జారవిడుచునని యపవాదు వేసిరి. 1995 లో ఫ్రాన్సు పోటీలో అమెరికాకు చెందిన చాందా రూబిన్ పై తుదిసెట్టున అయిదు గేములకు సున్నగా ముందుండి, ఒక్క పాయింటు వచ్చిన గెలుచు నవకాశములు తొమ్మిది పోగొట్టుకొని యోడుటతో ఆ యపవాదు బలపడెను. 1997 లో మరల వింబుల్డన్ తుది యాటకు వచ్చెను. ఈమారు ప్రత్యర్థి పదునారేండ్ల మార్టినా హింగిస్. మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జాతో జంటగా 2015 లో వింబుల్డన్ గెలిచిన హింగిస్ ఈమెయే. మొదటి సెట్టు యానా గెలిచెను. తక్కిన రెండును హింగిస్ గెలిచెను. రెండవమారును చిన్నపళ్లెమే దక్కెను.

ఇరువదియెనిమిదేండ్ల వయస్సున ఇక చాలునని యింట గూర్చుండినను తప్పుపట్టువారు లేరు. యానా మరుసటి యేడు మరల వచ్చెను. 1998 లో వీనస్ విలియమ్సును, పిమ్మట హింగిసును ఓడించి, జూలై 4 న ఫ్రాన్సు దేశపు నతాలీ తోజియాతో తుది యాట యాడెను. మొదటి సెట్టు 6-4 గా గెలిచెను. రెండవ సెట్టులో చెరి ఆరు గేములయ్యెను. అట్లయినపుడు టైబ్రేకను ప్రత్యేక గేముతో నిర్ణయింతురు. అందులో ముందుగా ఏడు పాయింట్లు చేరవలెను. వెనుకటి భయము పొంచియుండు ఘట్టమది. యానా ఏడు పాయింట్లు గెలువగా తోజియాకు రెండే వచ్చెను. పెద్ద వెండిపళ్లెము నందించిన దదే కెంట్ ప్రభుపత్ని. అయిదేండ్ల క్రిందట నేడ్చిన చోటనే యానా నవ్వుచు నిలిచెను. ఒంటరి యాటలో నామె గెలిచిన మహాపోటీ అదొక్కటియే. 1999 లో ఆమె ఆటనుండి విరమించెను.

కథ ఇంతటితో ముగిసినను చాలును. కాని నా కెక్కువ ప్రియమైన భాగము తరువాతిది. 2014 లో బ్రనో ప్రాంతపు బాలిక బార్బొరా క్రెయిచికోవా, పదునెనిమిదేండ్లది, ఒక యుత్తరము చేతబట్టుకొని యానా యింటి తలుపు తట్టెను. ఇకమీదట ఆటను వృత్తిగా గైకొనుటకు తగుదునా, నాకు దారి చూపుడని ఆమె కోరిక. యానా యామెను శిష్యురాలిగా స్వీకరించెను. అయినను ఆ విద్య యెక్కువకాలము సాగలేదు. యానాకు క్యాన్సరు వ్యాధి సోకెను. 2017 నవంబరు 19 న నలువదితొమ్మిదేండ్ల వయస్సున పరమపదించెను. తుదిదినములలో శిష్యురాలు చెంతనుండెను. ఆనందముగా ఆడుమనియు, మహాపోటీ యొకటి గెలువ ప్రయత్నింపుమనియు గురువు చెప్పిన మాటను ఆమె మరువలేదు. 2021 లో ఫ్రాన్సు పోటీ గెలిచెను. 2024 జూలైలో వింబుల్డన్ తుది యాటలో ఇటలీకి చెందిన జాస్మిన్ పావొలీనిని ఓడించి, గురు వెత్తిన వెండిపళ్లెమునే తానును ఎత్తెను. అటుపిమ్మట విజేతల పేర్లు వ్రాసిన పలకపై తన గురువు పేరు చూచి కన్నీరు కార్చెను.

1993 నాటి కన్నీటికిని 2024 నాటి కన్నీటికిని నడుమ ముప్పదియొక్క సంవత్సరములు గడచెను. ఓడిననాడు యానాను తలవాల్చనిచ్చిన భుజమొకటి; తలుపు తట్టిన బాలికకు యానా తెరచిన తలుపు మరియొకటి. ఓటమి రుచి తెలిసిన గురువు భయపడు శిష్యుని చేయి పట్టుకొనగలడు. కెంట్ ప్రభుపత్నియు 2025 సెప్టెంబరులో తొంబదిరెండేండ్ల వయస్సున గతించెను.

ఆర్యులారా, పరీక్షల ఫలములు వచ్చు దినములలో మన గ్రామములలో తలవంచుకొని యిల్లు చేరు పిల్లలు కొందరుందురు. ఆ సాయంకాలము అరుగుపై గూర్చున్న మనము మొదట పలుకు మాట యేదో ముందుగనే యోచించుకొనవలెను. నేను ఆ యుత్సవమునాడు యోచింపలేదు. నా కా యవకాశము మరల రాదు. మీలో ననేకులకు ఇంకను వచ్చును.