ఒకే చెట్టు కొమ్మలు చాలవా?

ఆమధ్య ఒక చలికాలపు శనివారం, ఆరిజోనాలో ఓ ఏటి ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు నాటడానికి మా ఆఫీసు వాళ్ళతో కలిసి వెళ్ళాను. ఆనకట్టలు వచ్చాక వరదలు తగ్గి, ఈ చెట్ల విత్తనాలు మొలవడానికి కావలసిన తడి ఒండ్రుమట్టి చాలాచోట్ల కరువైంది. అందుకని మనుషులే నాటుతున్నారు. కొమ్మ నరికి తడినేలలో గుచ్చితే చాలు, వేళ్ళు తొడుగుతుంది.

ప్రతి కొమ్మకీ అది ఏ చెట్టుదో తెలిపే చీటీ కట్టి ఉంది. "ఏపుగా పెరిగిన చెట్టు ఒక్కటి చూసుకుని, కొమ్మలన్నీ దాన్నుంచే కొట్టుకురావచ్చు కదా?" అన్నాను. బాగా నడిచే ప్రోగ్రాముని పది సర్వర్ల మీదకి కాపీ చెయ్యడం అలవాటైన బుద్ధి మరి! పని చూస్తున్న పెద్దావిడ నవ్వి ఊరుకున్నారు. ఇంటికొచ్చి చదివాక గానీ నా సలహాలో ఉన్న ప్రమాదం తెలియలేదు.

యూటాలో వీబర్ నది ఎగువన సన్నాకు కాటన్‌వుడ్, దిగువన ఫ్రీమాంట్ కాటన్‌వుడ్ పెరుగుతాయి. రెండూ కలిసేచోట సంకరజాతి చెట్లు ఉంటాయి. నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీకి చెందిన థామస్ విథమ్, ఆయన సహచరులు వీటిని ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఈ చెట్ల మధ్య ఒక ముఖ్యమైన తేడా టానిన్. కరక్కాయ కొరికితే నాలుకకి తగిలే వగరు దానిదే. చెట్టులో అది ఎంత ఉండాలో చాలావరకు జన్యువులే నిర్ణయిస్తాయి. సన్నాకు చెట్టులో ఎక్కువ, ఫ్రీమాంట్‌లో తక్కువ, సంకరాల్లో మధ్యస్థం.

ఆ వగరు ఎంతదూరం పోతుందో చూడండి. బీవర్లు వగరు తక్కువున్న చెట్లనే ఎక్కువగా కొరికి పడగొడతాయి. దాంతో ఒడ్డున వగరు చెట్లు మిగులుతాయి. వగరు ఆకు ఏట్లో రాలితే నెమ్మదిగా కుళ్ళుతుంది, దాన్ని తిని బతికే నీటిపురుగులకి తిండి ఆలస్యమవుతుంది. నేలమీద రాలితే మట్టిలోకి నత్రజని తిరిగి చేరడం మందగిస్తుంది. అంటే చెట్టులో రాసి ఉన్న కోడు చెట్టు బయట, నీటిలోనూ మట్టిలోనూ కూడా నడుస్తోందన్నమాట.

ఇప్పుడు నా సలహా సంగతి. ఒకే చెట్టు కొమ్మలు నాటితే అన్నిటికీ ఒకటే కోడు. ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపగలదు. పైగా తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరైనట్టే, కాటన్‌వుడ్‌లోనూ మగచెట్లు, ఆడచెట్లు వేరు. నేను చూపించిన ఆ ఏపైన చెట్టు మగదైతే, ఆ తోపు మొత్తంలో ఒక్క విత్తనం రాలదు!

వచ్చే చలికాలం మళ్ళీ వెళ్తాను. ఈసారి చీటీలు కలిసిపోకుండా చూసే పని నేనే అడిగి తీసుకుంటాను.