సున్న నుండి అయిదు వరకు

1953లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో, ఫిజియోథెరపీ పాఠశాల వెలసినది. పోలియో సోకిన పసివాండ్ర కాళ్లే నాడు దానికి ప్రేరణ. 2014లో భారతదేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడినది; ఆ చదువు మాత్రము పెరుగుచునే యున్నది.

నేటి పట్టవిద్యార్థి శరీరనిర్మాణమును, శరీరధర్మమును పుస్తకములు చూచి నేర్వవచ్చును. బట్టీకి లొంగనిది కండరబలమును అంకెలలో చెప్పుట. కండరము బొత్తిగా చలింపనిచో సున్న. చర్మము క్రింద చిన్న అదురు మాత్రమే తగిలినచో ఒకటి. భూమ్యాకర్షణ భారమును తప్పించినపుడు అవయవము కదలినచో రెండు, ఆ భారమునకు ఎదురు లేచినచో మూడు, పూర్ణబలము అయిదు. పక్షవాతము సోకిన చేతిలో సున్నకును ఒకటికిని గల భేదము కంటికి కానరాకపోవచ్చును; విద్యార్థి వ్రేళ్లకే తెలియవలెను. తెలియనిచో, మేలుకొనుచున్న కండరమునకు సున్న వేసి పోవును. తెలిసిననాడు, పరులు చేయి పట్టి కదిపించు వ్యాయామముతో ఆగక, రోగి తానై ప్రయత్నించు వ్యాయామము మొదలగును.