ఎముకల మాత్ర: మింగితే చాలదు

రెండేళ్ల క్రితం మా అమ్మీజాన్ నడుము వంగసాగింది. డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు మైనస్ 2.5 కన్నా తక్కువ వచ్చింది. ఎముకలు గుల్లబారాయని చెప్పి, వైద్యులు వారానికొక అలెండ్రొనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఆమె దానిని చాయ్‌తో మింగి, ఫజ్ర్ నమాజు కాగానే మళ్లీ పడుకునేవారు. ఛాతీలో మంట పుట్టింది. నొప్పిలేని జబ్బుకు మందెందుకని నెల తిరగకుండానే మానేశారు. మేమూ పట్టించుకోలేదు. ఆ చలికాలం వుజూ చేస్తూ జారిపడగా తుంటి ఎముక విరిగింది. మాత్ర వాడి ఉంటే విరిగేది కాదని మేము అనలేము. ముప్పు మాత్రం తగ్గి ఉండేది.

ఎముక విరిగే దాకా ఈ జబ్బు సాధారణంగా బయటపడదు. శరీరంలో పాత ఎముక కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. స్త్రీలలో నెలసరి ఆగిన పిమ్మట కరగడమే ఎక్కువవుతుంది. చాలాకాలం స్టెరాయిడ్లు వాడిన పురుషులకు సైతం ఈ ముప్పు ఉంది. అలెండ్రొనేట్ ఆ కరుగుదలను నెమ్మదింపజేస్తుంది. క్యాల్షియం, డి విటమిన్ దానికి తోడే గాని, బదులు కావు.

ఈ మాత్రను పరగడుపున, గ్లాసెడు మంచినీటితోనే మింగాలి. చాయ్, పాలు, క్యాల్షియం మాత్ర కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. ఆపై అరగంట వరకు ఏమీ తినరాదు, నడుము వాల్చరాదు. వాల్చితే అన్నవాహికలో పుండు పడవచ్చు. రమజాన్‌లో ఆ ఒక్కరోజు రాత్రి పెందలాడే భుజించి, సహరీకి అరగంట ముందు వేసుకునే వీలుందేమో వైద్యుని అడగండి.

మాత్ర పడనివారికి ఏడాదికొకసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం, ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ సూదిమందు ఉన్నాయి. డెనోసుమాబ్ గడువు దాటనీయరాదు. మధ్యలో మానితే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది. ఎముకలు మరీ బలహీనపడితే, కొత్త ఎముకను పెంచే టెరిపారటైడ్‌ను రోజూ సూదిగా ఇస్తారు.

ఈ మందుల్లో కొన్నింటి వల్ల అరుదుగా దవడ ఎముక దెబ్బతినవచ్చు. కనుక పళ్లు తీయించుకోవలసి ఉన్నా, మూత్రపిండాల జబ్బు ఉన్నా ముందే చెప్పాలి. మాత్రను ఎన్నేళ్లు వాడాలో వైద్యులే నిర్ణయించాలి.

ఇప్పుడు ప్రతి జుమా ఉదయం ఇంట్లో ఎవరో ఒకరు అమ్మీజాన్‌కు నీళ్లందించి, అరగంట ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాము. మీ ఇంటి పెద్దల మందుల డబ్బా కూడా ఒకసారి తెరిచి చూడండి. ఏ మాత్ర మిగిలిపోతున్నదో, ఎందుకు మిగిలిపోతున్నదో అడగండి.