నొప్పిని న్యూటన్లలో కొలిచే పట్టీ

ఆవు కుంటడం మన కంటబడేసరికి నొప్పి చాలావరకు ముదిరిపోయి ఉంటుంది. గొర్రెలు, ఆవులు, గుర్రాలు వేటాడే మృగాల నడుమ బతికిన జాతులు. బాధను దాచుకోవడం వాటికి ప్రాణరక్షణ. మరి వాటికిచ్చిన మందు నొప్పిని నిజంగా తగ్గించిందో లేదో తేల్చేదెలా? ఈ ప్రశ్నకు జవాబు చాలాకాలం పశువైద్యుల అంచనా మీదే ఆధారపడింది.

కొలతకు తొలి దారి మనుషుల మీద పరిశోధనలోనే పడింది. 1896లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ఫాన్ ఫ్రై పుల్లల చివర వెంట్రుకలు అతికించి చర్మాన్ని పరీక్షించాడు. వాటిలో గుర్రం వెంట్రుకలూ ఉన్నాయి. వెంట్రుకను ఆనించి నొక్కితే ఒక స్థాయి దగ్గర వంగుతుంది. ఆ తర్వాత చెయ్యి ముందుకు జరిగినా చర్మం మీద పడే బలం పెద్దగా పెరగదు. మనిషి చేతి తేడాలను కొలతలోంచి తప్పించిన గొప్ప ఉపాయం ఇది. తర్వాత నైలాన్ పోగులు వచ్చాయి. అయితే మామూలు సెట్టులో అన్నిటికన్నా లావుపాటి పోగు 300 గ్రాముల దగ్గరే వంగిపోతుంది. ఎలుక పాదానికి అది ఎక్కువే, ఆవు కాలికి ఏ మూలకూ చాలదు.

చేత్తో పట్టుకునే ప్రెషర్ గేజ్‌తో బలం సమస్య తీరింది కానీ మనిషి జంతువు పక్కనే ఉండాల్సి వచ్చింది. గుర్రం కాలు తీసింది నొప్పికా, దగ్గరకొచ్చిన మనిషిని చూసి బెదిరా?

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆండ్రియా నోలన్, అలెక్స్ లివింగ్‌స్టన్, ఎవ్రిల్ వాటర్‌మన్ బృందం 1987లో గొర్రెల కోసం వేరే పద్ధతి ప్రకటించింది. ముంగాలికి, మోకాలికీ గిట్టకూ మధ్య, ఒక పరికరాన్ని పట్టీతో కడతారు. అక్కడ కండ తక్కువ, చర్మం కిందే ఎముక. గాలి ఒత్తిడితో ఒక మొద్దు మొన మెల్లగా ముందుకొచ్చి కాలిని నొక్కుతుంది. గొర్రె కాలు ఎత్తగానే గాలి వదిలేస్తారు. ఆ క్షణంలో ఉన్న బలమే అంకె. తర్వాత పాలీ టేలర్, మైఖేల్ డిక్సన్ వంటివారి చేతుల్లో ఇలాంటి పరికరాలు వైర్‌లెస్ అయ్యాయి. ఇప్పుడు మనిషి దూరంగా నిలబడితే చాలు.

పరికరం కన్నా దాని చుట్టూ పెట్టుకున్న నియమాలే నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. బలం సెకనుకు 10 న్యూటన్ల చొప్పున పెరుగుతోందనుకోండి. జంతువు స్పందించడంలో అర సెకను ఆలస్యమైతే అంకెలో 5 న్యూటన్లు, అంటే దాదాపు అరకిలో బరువు, ఉత్తినే చేరిపోతుంది. సెకనుకు ఒక న్యూటన్ చొప్పున పెంచితే ఆ తప్పు అర న్యూటనే. మొన వెడల్పు మారితే అంకె మారుతుంది కాబట్టి అదీ రాసిపెట్టాలి. రెండో కాలికి అదే బరువున్న ఉత్తుత్తి పట్టీ కడతారు, పశువు ఒక కాలినే పట్టించుకోకుండా. ఏ పశువుకు మందు పడిందో చూసేవారికి తెలియనివ్వరు. జంతువు కదలకపోయినా ఒక హద్దు దగ్గర బలం ఆగిపోవాలి. గాయం చేసే హక్కు ఏ ప్రయోగానికీ లేదు.

ఈ అంకె చెప్పేది నొప్పి మొదలయ్యే హద్దు మాత్రమే, జంతువు అనుభవిస్తున్న మొత్తం బాధ కాదు. అయినా అది బయటపెట్టిన సంగతి పెద్దది. గిట్టల కుళ్లు వచ్చిన గొర్రెల్లో ఆ హద్దు బాగా పడిపోయింది. పాడి ఆవుల్లో హెలెన్ వే, వాటర్‌మన్, జాన్ వెబ్‌స్టర్ తదితరుల పరిశీలనలో, కొన్ని రకాల గిట్ట గాయాలకు చికిత్స చేసిన 28 రోజుల తర్వాత కూడా అది మామూలు స్థాయికి చేరలేదు. నొప్పి సంకేతాలను మోసే నాడీవ్యవస్థే అతి సున్నితంగా మారిపోతుందన్నమాట. అలాంటి ఆవులకు కీటోప్రొఫెన్ అనే నొప్పి మందు ఇచ్చి చూస్తే ఆ సున్నితత్వం కొంత తగ్గిందని 2005లో అదే పద్ధతి చూపించింది.